డబుల్ బేస్‌కీ బేస్ గిటార్‌కీ కలిపి ఒకే తేలిక క్యాబినెట్: ఎలా ఎంచుకోవాలి

"అన్నా, బరువు తక్కువుండాలి, మోత మాత్రం గట్టిగా రావాలి, ఏ క్యాబ్ తీసుకోమంటావ్?" కావలి నుంచి ఒకరు, ఒంగోలు నుంచి ఇంకొకరు, క్రిస్మస్ ప్రోగ్రాములు దగ్గరపడ్డాయంటే ఎవరో ఒకరు ఇదే అడుగుతుంటారు కాబట్టి అందరికీ కలిపి ఒకేసారి రాసేస్తున్నా. క్యాబ్ అంటే స్పీకర్ బిగించిన డబ్బా, క్యాబినెట్. మన నెల్లూరు, ప్రకాశం వైపు బేస్ గిటార్ వాయించేవాళ్ళలో ఎక్కువమంది చర్చి బ్యాండుల్లోనో పెళ్ళి ఆర్కెస్ట్రాల్లోనో ఉంటారు. డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటిది) ఉన్నవాళ్ళు బాగా తక్కువ, వాళ్ళకు కూడా నాలుగు డబ్బులొచ్చేది బేస్ గిటార్‌తోనే, అందుకే రెండింటికీ సరిపోయే ఒకే బాక్స్ కావాలంటారు.

చదివే ఓపిక లేనివాళ్ళకు జవాబు ముందే చెప్పేస్తా. 12 అంగుళాల నియోడిమియం (తేలిక అయస్కాంతం) స్పీకర్ ఒకటి, 8 ఓమ్స్ (కరెంటుకు స్పీకర్ ఇచ్చే అడ్డు), బరువు 11 నుంచి 15 కిలోల మధ్య, ట్వీటర్‌కు (పై స్వరాలు పలికే చిన్న స్పీకర్) వెనక తిప్పుకునే నాబ్ ఉన్నది. పదిమందిలో ఏడెనిమిది మందికి ఇదే సరిపోతుంది. మిగతా ఇద్దరు ముగ్గురిలో మీరున్నారేమో తేల్చుకోవడానికే కింద రాసిందంతా.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ ఆంప్ (యాంప్లిఫయర్) వెనక అచ్చు వేసి ఉండే వివరాల ఫొటో. అందులో కనీసం ఎన్ని ఓమ్స్ వరకు తట్టుకుంటుందో రాసి ఉంటుంది
- మీ సొంత బేస్, ప్రీఆంప్ (ఆంప్‌కు ముందు పికప్ సిగ్నల్‌ను సరిచేసే చిన్న పెట్టె) ఉంటే అది కూడా. షాపు వాళ్ళ బేస్‌తో విని కొనొద్దు
- మంచి స్పీకర్ కేబుల్ ఒకటి, గిటార్ కేబుల్ కాదు
- కొలత టేపు, ఇంట్లో బరువు చూసుకునే మిషన్
- 300 రూపాయల మల్టీమీటర్ అయినా ఫర్వాలేదు
- దూరంగా నిలబడి వినిపెట్టే మనిషి ఒకరు, వీలైతే డ్రమ్మర్

థియరీ ఒక్క ముక్క తెలిస్తే చాలు. హాఫ్‌మన్ అనే ఆయన పేరుమీద చెప్పుకునే ఐరన్ లా ఒకటుంది. చిన్న బాక్స్, లోతైన బేస్, తక్కువ పవర్‌కే ఎక్కువ మోత, ఈ మూడింట్లో రెండే దొరుకుతాయి, మూడోది వదులుకోవాలి. ఎంత ఖరీదైన కంపెనీ అయినా ఇందులో మినహాయింపు లేదు. నాలుగు తీగల బేస్‌లో లావు తీగ, అంటే E స్ట్రింగ్, 41 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, ఐదు తీగల బేస్‌లో ఇంకా లావుగా ఉండే లో B 31 దగ్గర. డబుల్ బేస్ E స్ట్రింగ్ కూడా ఆ 41 దగ్గరే. చిన్న తేలిక క్యాబ్‌లలో చాలావాటికి 41 పూర్తిగా రాదు, దాని రెట్టింపు 82 బాగా వస్తే మన చెవి సర్దుకుని ఆ స్వరం విన్నట్టే అనుకుంటుంది. కాబట్టి 31 హెర్ట్జ్ వరకు పలుకుతుందా అని అమ్మేవాళ్ళను నిలదీయడం కన్నా 80 నుంచి 200 మధ్య శుభ్రంగా ఉందా అని వినడం మేలు.

1. బేస్ జనానికి ఎలా చేరుతోందో తేల్చుకోండి

ఇది అడక్కుండా క్యాబ్ కొనేవాళ్ళే ఎక్కువ. కల్యాణ మండపంలోనో ఊరి మైదానంలోనో సౌండ్ సిస్టం వాళ్ళు పెద్ద బాక్సులు దించి, మీ ఆంప్ నుంచి డీఐ లైను (సిగ్నల్‌ను నేరుగా పంపే వైరు) మిక్సర్‌కు లాక్కుంటే, మీ క్యాబ్ పని మీకూ డ్రమ్మర్‌కూ వినపడటం వరకే. అక్కడ 10 అంగుళాల స్పీకర్ ఒకటి ఉన్న 9, 10 కిలోల క్యాబ్ కూడా చాలు. అలా కాకుండా చిన్న చర్చిలో మిక్సర్‌లోంచి పాట, కీబోర్డు మాత్రమే వెళ్ళి, బేస్ మొత్తం మీ డబ్బాలోంచే రావాలంటే ఒక 12 సరిపోవాలి, డ్రమ్స్ గట్టిగా కొట్టేవాడైతే రెండు 12లు కావాలి. బయట షామియానా కింద మిక్సర్ సాయం లేకుండా వాయించాలంటే మాత్రం తేలిక క్యాబ్ ఆశ వదులుకోండి, ఆరుబయట గోడలు లేక బేస్ ఎటు పోతుందో తెలియదు.

2. ఎలా మోస్తారో చూసుకోండి

బైకు వెనక కట్టుకుని పోయేవాళ్ళకు కిలోల కన్నా వెడల్పు ముఖ్యం. బస్సు డిక్కీలో వేసేవాళ్ళకు మూలలకు తొడుగులు ఉండటం ముఖ్యం, ఎందుకంటే దాని మీద ఎవరి ట్రంకు పెట్టె పడుతుందో మన చేతిలో లేదు. డబుల్ బేస్ వాళ్ళకైతే ఒక చెయ్యి ఎప్పుడూ బేస్‌కే పోతుంది, క్యాబ్ రెండో చేత్తో మోయాల్సిందే, అంటే హ్యాండిల్ పైన మధ్యలో ఉండాలి. 14 కిలోలే కదా అనుకుని పక్క హ్యాండిల్ ఉన్నది కొంటే అది కాలికి కొట్టుకుంటూ నడవనివ్వదు. బరువు అంచనా కోసం ఇంట్లో సంచిలో 14 కిలోల బియ్యం పోసి ఒక్క చేత్తో పట్టుకుని మేడ మీదికి ఎక్కి దిగండి. రెండోసారి ఎక్కబుద్ధి కాకపోతే 11 కిలోలవి చూడండి.

మామూలుగా ఉండే బరువులు ఇవి: నియో (నియోడిమియం) 10 అంగుళాల స్పీకర్ ఒకటి ఉంటే 8 నుంచి 11 కిలోలు, 12 ఒకటైతే 11 నుంచి 15, 10లు రెండైతే 13 నుంచి 17, 15 ఒకటైతే 15 నుంచి 20. ఉదాహరణకు అగ్యులార్ ఎస్ఎల్ 112 దాదాపు 11 కిలోలు, 250 వాట్లు. మరో చివరన ఆంపెగ్ వాళ్ళ పాత 10లు ఎనిమిది ఉండే క్యాబ్ 60 కిలోలు దాటుతుంది, అది ఫొటోల్లో చూసి ఆనందించండి. మార్క్‌బేస్, బేర్‌ఫేస్డ్, ఫిల్ జోన్స్, గాలియన్ క్రూగర్ వాళ్ళు కూడా తేలికవి చేస్తారు. కేటలాగులో రాసింది నమ్మకుండా మిషన్ మీద పెట్టి చూడండి, కవరు, కేబులు కలిపి.

3. అంగుళాల పిచ్చి వదిలేయండి

15 అంటే లోతు, 10 అంటే పదును అని అందరూ చెప్తారు. సగమే నిజం. ఏ డబ్బాలో ఏ స్పీకర్ ఉంది, దానికి డబ్బాలో ఎంత గాలి చోటు ఇచ్చారు, పోర్టు (గాలి బయటికి పోయే రంధ్రం) ఎక్కడ ట్యూన్ చేశారు అన్నదాన్ని బట్టి 10లు రెండున్న క్యాబ్ 15 ఉన్నదాని కన్నా లోతుగా మోగొచ్చు. డబుల్ బేస్‌కు నాకైతే 12 కానీ, మంచి 10లు రెండు కానీ నచ్చుతాయి. వేలి చప్పుడు, కమాను పెట్టి లాగితే వచ్చే ఆ గరుకు, ఇవి మధ్య స్వరాల్లో ఉంటాయి, చాలా 15లు వాటిని మింగేస్తాయి.

10లు రెండున్నవి కొంటే పక్కపక్కన ఉన్నట్టు కాకుండా నిలువుగా, ఒకదాని మీద ఒకటి వచ్చేట్టు నిలబెట్టి వాడండి. పక్కపక్కన ఉంటే ఎదురుగా నిలబడ్డవాళ్ళకు ఒకలా, పక్కనున్న కీబోర్డు ఆయనకు ఇంకోలా వినిపిస్తుంది. క్యాబ్‌లు రెండు వాడినా ఇదే పద్ధతి, పైది చెవికి దగ్గరగా ఉంటుంది కాబట్టి వాల్యూమ్ కూడా తగ్గించుకుంటారు.

4. ఓమ్స్ సంగతి, ఇక్కడ పొరపాటైతే డబ్బు పోతుంది

8 ఓమ్స్ క్యాబ్‌లు రెండు కలిపితే 4 అవుతుంది. 4 ఓమ్స్‌వి రెండు కలిపితే 2. ఎక్కువ ఆంపులు 4 వరకే తట్టుకుంటాయి, 2కి దించితే కొన్ని ఆగిపోతాయి, కొన్ని కాలిపోతాయి. కాబట్టి ఇంకొకటి ఎప్పటికైనా కొనే ఆలోచన ఉంటే మొదటిది 8 ఓమ్స్‌దే తీసుకోండి. ఎప్పటికీ ఒక్కటే వాడతాను అంటే 4 ఓమ్స్‌ది తీసుకోవచ్చు, ఆంప్ పూర్తి పవర్ దానికే దొరుకుతుంది. 4 ఓమ్స్ దగ్గర 500 వాట్లిచ్చే ఆంప్ 8 దగ్గర సుమారు సగమే, 250, 300 ఇస్తుంది. దానికి బాధపడక్కర్లేదు, పవర్ సగమైతే తగ్గేది 3 డెసిబెల్స్ మాత్రమే, జనంలో ఎవరూ గమనించరు.

అమెరికాలో ఉన్న అన్నయ్య సంక్రాంతికి వస్తూ తెస్తానన్నాడా? క్యాబ్ మామూలుదైతే కరెంటుతో పని లేదు, ఇక్కడ హాయిగా వాడుకోవచ్చు. ఆంప్ కానీ, ఆంప్ లోపలే ఉండే పవర్డ్ క్యాబ్ కానీ అయితే 230 వోల్టులకు పనిచేస్తుందని వెనక రాసి ఉందో లేదో ఫొటో పెట్టించుకుని చూశాకే సరే అనండి. 120 వోల్టులది మన ప్లగ్గులో పెడితే ఒక్క క్షణమే.

5. వాట్ల కన్నా సెన్సిటివిటీ చూడండి

800 వాట్లు అని పెద్దక్షరాల్లో వేస్తారు. అది కాయిల్ (స్పీకర్ లోపలి తీగ చుట్ట) ఎంత వేడి తట్టుకుంటుందో చెప్పే లెక్క. కింది స్వరాల్లో కాయిల్ కాలేలోపే కోన్ (స్పీకర్ ముందు ఊగే గరాటు లాంటి భాగం) తన హద్దు దాటి ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది, ఫట్ ఫట్ మని చప్పుడు వస్తుంది, అదీ అసలు ప్రమాదం. అందుకే స్పెక్ కాగితంలో 1 వాటుకు 1 మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ అన్న అంకె వెతకండి, సెన్సిటివిటీ అంటే అదే. 97 ఉన్న క్యాబ్‌కు 400 వాట్లు ఇస్తే వచ్చే మోత 100 ఉన్నది 200 వాట్లకే ఇస్తుంది. అయితే ఈ అంకెను కంపెనీలు ఎక్కడో 1000 హెర్ట్జ్ దగ్గర కొలిచి కూడా వేస్తుంటాయి, కాబట్టి ఒకే కంపెనీ క్యాబ్‌లను పోల్చుకోవడానికే దీన్ని వాడండి, మిగతాది చెవికి వదిలేయండి.

6. హై పాస్ ఫిల్టర్ కోసం డబ్బు పక్కన పెట్టండి

తేలిక క్యాబ్‌లలో ఎక్కువ భాగం పోర్టు ఉన్నవే. పోర్టు ట్యూనింగ్ కన్నా కింది స్వరాలు వస్తే కోన్‌ను లోపలి గాలి పట్టుకోదు, వదులుగా ఊగుతుంది. ఆ కింది స్వరాలను కోసేసి దాన్ని ఆపేది హై పాస్ ఫిల్టర్. కొన్ని ఆంపుల్లో ఉంటుంది, లేకపోతే చిన్న పెడల్‌గా విడిగా దొరుకుతుంది. బేస్ గిటార్‌కు 30, 40 మధ్య, డబుల్ బేస్‌కు 40 నుంచి 60 దాకా పెట్టుకోవచ్చు. బేస్ తగ్గిపోతుందేమోనని టెన్షన్ పడతారు, నిజానికి తగ్గేది ఎక్కువగా చెవికి సరిగ్గా వినపడని ఊపే, మిగిలింది ఇంకా గట్టిగా, శుభ్రంగా వస్తుంది. క్యాబ్ మీద ఇంకో పదివేలు ఎక్కువ పెట్టడం కన్నా ఇది కొనడం తెలివైన పని.

7. చెక్క

ఎండీఎఫ్ వద్దు. 18 ఎంఎం మందం, 8 అడుగులు బై 4 అడుగుల షీటు ఒక్కటే దాదాపు 40 కిలోలు, పైగా మైపాడు, కొత్తపట్నం లాంటి చోట్ల సముద్రపు గాలి తేమకు అంచులు ఉబ్బిపోతాయి. పాప్లర్ కానీ తేలిక ప్లైవుడ్ కానీ 12, 15 ఎంఎం ఉండి, లోపల అడ్డ కర్రలు బిగించి ఉంటే మంచిది. పిడికిలితో పక్క గోడ మీద కొట్టి చూడండి, డబ్ మని పొట్టిగా ఆగిపోవాలి, బోం...మ్ అని సాగితే ఆ గోడే ఒక వాయిద్యం అయిపోతుంది.

8. షాపులో ఎలా వినాలి

నెల్లూరు వాళ్ళకు చెన్నై దగ్గర, 175 కిలోమీటర్లు. మౌంట్ రోడ్డులో 1842 నుంచి ఉన్న మ్యూజీ మ్యూజికల్ లాంటి పాత షాపులున్నాయి. ఒంగోలు వాళ్ళు విజయవాడ, హైదరాబాద్ చూసుకుంటారు. ఎక్కడికి పోయినా బయల్దేరే ముందు ఫోన్ చేసి, విని చూడటానికి క్యాబ్ బయట ఉందా అని అడగండి, లేకపోతే అట్టపెట్టె చూసి రావాల్సిందే.

షాపులో క్యాబ్ ఎప్పుడూ మూలన ఉంటుంది. మూలలో ఏ డబ్బా అయినా భారీగా మోగుతుంది. గోడకు కనీసం ఒక మీటరు ముందుకు లాగించండి, మొహమాటపడొద్దు. ఆంప్ మీద బేస్, ట్రెబుల్ అన్నీ మధ్యలో పెట్టండి. ఇప్పుడు E స్ట్రింగ్ ఓపెన్ నుంచి మొదలుపెట్టి ఒక్కో ఫ్రెట్ ఎక్కుతూ, ఒకే బలంతో, నిదానంగా పన్నెండో ఫ్రెట్ దాకా వాయించండి. ఎక్కడో రెండు స్వరాలు ఉబ్బెత్తుగా లేస్తాయి, ఎక్కడో ఒకటి మాయమవుతుంది. గది వల్లా కావచ్చు, క్యాబ్ వల్లా కావచ్చు, అందుకని క్యాబ్‌ను రెండు అడుగులు జరిపి మళ్ళీ అదే వాయించండి. ఉబ్బే స్వరం మారితే గది తప్పు, మారకపోతే క్యాబ్ తప్పు.

తర్వాత వాల్యూమ్ పెంచి లో E తీగ గట్టిగా కొట్టండి. పోర్టులోంచి ఉఫ్ మని గాలి చప్పుడు, గ్రిల్ జలజల, మూల స్క్రూ గలగల వినిపిస్తున్నాయా చూడండి. చెయ్యి పోర్టు దగ్గర పెడితే గాలి తగలడం మామూలే, చప్పుడే రాకూడదు. ఇప్పుడు మీతో వచ్చినాయన వాయిస్తుంటే మీరు ఐదారు మీటర్లు వెనక్కి నడవండి. దగ్గర్లో గొప్పగా అనిపించి దూరంలో మాయమయ్యే క్యాబ్‌లు చాలా ఉన్నాయి. చివరగా ఫోన్లో డ్రమ్స్, కీబోర్డు ఉన్న ట్రాక్ ఏదైనా షాపులోనే ఇంకో స్పీకర్లో పెట్టించి దానితో కలిసి వాయించండి. ఒంటరిగా తియ్యగా మోగి బ్యాండులో మునిగిపోయే క్యాబ్‌ను కనిపెట్టే దారి ఇదొక్కటే. దీన్ని దాటేసి కొన్నవాళ్ళు తర్వాత బేస్ నాబ్ పెంచుకుంటూ పోతారు, కావాల్సింది మిడ్ (మధ్య స్వరాలు) పెంచడం.

స్లాప్ (బొటనవేలితో తీగను కొట్టే పద్ధతి) వాయించకపోతే, కమానుతో వాయించేటప్పుడు గీచు గీచు మంటే, ట్వీటర్ సగానికి తగ్గించండి లేదా పూర్తిగా ఆపేయండి. ఆ నాబ్ లేని క్యాబ్ డబుల్ బేస్ వాళ్ళకు ఇబ్బందే.

9. డబుల్ బేస్ వాళ్ళకు విడిగా

గుయ్య్ మని ఊళ పెట్టడం మీ అసలు సమస్య, క్యాబ్ మారిస్తే పోయేది కాదు, పెట్టే చోటు మారిస్తే చాలావరకు తగ్గుతుంది. బేస్ పొట్టలోని గాలి దానికదే 60 హెర్ట్జ్ పైన ఎక్కడో మోగుతుంటుంది, క్యాబ్‌లోంచి వచ్చే అదే స్వరం దాన్ని ఇంకా రెచ్చగొడుతుంది.

క్యాబ్‌ను సరిగ్గా వీపు వెనక కాకుండా పక్కకు పెట్టండి. నేల మీద నుంచి లేపండి, చెక్క బల్లలు పరిచిన స్టేజీ అయితే తప్పనిసరిగా, లేకపోతే ఆ బల్లలే డప్పులా మోగుతాయి. షామియానా వాళ్ళ ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టడం మన దగ్గర మామూలు, కానీ తేలిక క్యాబ్ మోతకు కుర్చీ మీదే కొంచెం కొంచెం నడుచుకుంటూ అంచుకు వస్తుంది, నాలుగో పాటకు కింద పడుతుంది. ఇనుప కుర్చీ తీసుకుని, మధ్యలో రబ్బరు మ్యాట్ ముక్క వేయండి. క్యాబ్ మీ చెవి వైపు వాలి ఉంటే ఇంకా మేలు.

ఆ తర్వాత ఎవరూ వాయించకుండా, తీగల మీద చెయ్యి వేయకుండా, బేస్‌ను మామూలుగా పట్టుకుని నిలబడి వాల్యూమ్ నిదానంగా పెంచండి. ఏ స్వరం దగ్గర ముందుగా ఊళ మొదలవుతుందో గుర్తుపెట్టుకోండి, ట్యూనర్ యాప్ చెప్తుంది. ప్రీఆంప్‌లో ఫేజ్ బటన్ (సిగ్నల్‌ను తిరగేసేది) ఉంటే నొక్కి చూడండి, నాచ్ (ఒక్క స్వరాన్నే తగ్గించే నాబ్) ఉంటే ఆ స్వరం మీదికి తిప్పండి. రెండూ లేకపోతే హై పాస్‌ను ఇంకొంచెం పైకి జరపండి.

ఇంకో సంగతి, పీజో పికప్‌ను (బేస్ కంపనాన్ని పట్టి సిగ్నల్‌గా మార్చేది) నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లోకి గుచ్చితే బేస్ అంతా పోయి రేకు డబ్బా శబ్దం వస్తుంది, పికప్ మీద, క్యాబ్ మీద నింద వేస్తారు. పీజోకు కనీసం 1 మెగాఓమ్ ఇన్‌పుట్ కావాలి, దానికోసమే ప్రీఆంప్.

వేరే దారులు

చర్చిలో 12 అంగుళాల పవర్డ్ స్పీకర్ వాడకుండా పడి ఉంటే, ముందు ప్రీఆంప్ పెట్టి దానితోనే నెల రోజులు నడిపి చూడండి. డబుల్ బేస్‌కు కొన్నిసార్లు బేస్ క్యాబ్ కన్నా సహజంగా ఉంటుంది.

వడ్రంగి చేత చేయించుకుంటారా, చేయించుకోండి, కానీ డీజే బాక్స్ కొలతలకు కాదు. స్పీకర్ కంపెనీ ఇచ్చే అంకెలను విన్‌ఐఎస్‌డీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేసి బాక్స్ సైజు, పోర్టు పొడవు తేల్చుకున్నాకే చెక్క కోయించాలి. ఎమినెన్స్ డెల్టాలైట్ 2512 లాంటి నియో స్పీకర్లు ఇందుకు వాడతారు. జాక్ కన్నా స్పీకాన్ సాకెట్ (తిప్పితే లాక్ అయ్యేది) పెట్టించండి.

సెకండ్ హ్యాండ్ అయితే ఆంప్ తీసేసి మల్టీమీటర్‌తో క్యాబ్ సాకెట్ దగ్గర కొలవండి. 8 ఓమ్స్ క్యాబ్ ఐదున్నర నుంచి ఆరున్నర చూపించాలి, 4 ఓమ్స్‌ది మూడు, మూడున్నర. 8 అని రాసి ఉండి 3 చూపిస్తే లోపల ఎవరో స్పీకర్ మార్చారన్నమాట. గ్రిల్ విప్పి, కోన్ మీద రెండు వైపులా వేళ్ళు సమంగా ఆనించి మెల్లగా నొక్కండి, గరగర తగిలితే కాయిల్ రాసుకుంటోంది. మీటర్ అసలేమీ చూపించకపోతే కాయిల్ తెగిపోయినట్టే, లేదా లోపల వైరు ఊడి ఉండొచ్చు, బేరం మొదలుపెట్టక ముందే స్పీకర్ మోడల్ నంబరు ఫొటో తీసి దానికి రీకోన్ కిట్ (కోన్, కాయిల్ కొత్తవి వేసుకునే సామాను) దొరుకుతుందో లేదో కనుక్కోండి, నియో స్పీకర్లు అన్నింటికీ దొరకదు.